పటమట ప్లంబింగు దుకాణానికి గూగుల్ బిజినెస్ ప్రొఫైల్: రెండేళ్లు వాడిన తరువాత ఒక సమీక్ష

గూగుల్‌లో గాని, గూగుల్ మ్యాప్స్‌లో గాని ‘ప్లంబర్’ అని కొట్టగానే ఒక పటం, దాని కింద రెండు మూడు దుకాణాల పేర్లు, నక్షత్రాలు, ఫోను గుర్తు కనిపిస్తాయి. ఆ కాసిని పేర్లలో ఒకటిగా కనపడాలన్నా, కనీసం ఆ తరువాత తెరుచుకునే పొడవైన జాబితాలో ఉండాలన్నా వ్యాపారికి ఉండవలసిన ఖాతా పేరే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్. 2014లో గూగుల్ మై బిజినెస్‌గా మొదలైన ఈ సేవ 2021 నవంబరులో ఇప్పటి పేరుకు మారింది. దానికి ప్రత్యేకంగా ఉండిన యాప్‌ను 2022లో తీసివేశారు కనుక ఇప్పుడు మార్పులన్నీ గూగుల్ సెర్చ్ నుంచో మ్యాప్స్ నుంచో నేరుగా చేసుకోవాలి. రుసుము ఏమీ లేదు. విజయవాడ పటమటలో మా బాబాయి నడిపే ప్లంబింగు దుకాణానికి ఈ ఖాతాను రెండేళ్లకు పైగా నేనే చూస్తున్నాను. దుకాణం పేరు మాత్రం ఇక్కడ రాయడం లేదు. రాస్తే ఇది సమీక్ష కాక ప్రకటన అవుతుంది.

బాబాయి ఇరవై రెండేళ్లుగా ఈ పనిలో ఉన్నాడు. నాలుగడుగుల కౌంటరు, వెనక గోడకు వేలాడే, పైపులను కలిపే ఎల్బోలు, టీ ముక్కలు, యాంగిల్ కాక్‌లు, కింద చుట్టలు చుట్టిన గొట్టాలు, బయట ఒక మోపెడ్ బండి, ఇద్దరు కుర్రాళ్లు. ఇంతే ఆ దుకాణం. పని ఎక్కువగా ఇల్లు కట్టే మేస్త్రీల ద్వారా, అపార్టుమెంటు వాచ్‌మన్‌ల ద్వారా వచ్చేది. ఈ పద్ధతిలోని కష్టం బయటివారికి తెలియదు. వాచ్‌మన్ ఊరికి వెళ్లిపోయి కొత్తవాడు వస్తే ముప్పై ఫ్లాట్ల అపార్టుమెంటు మొత్తం ఒక్క రోజులో చేయి జారిపోతుంది, ఎందుకంటే కొత్తవాడికి తన ఊరి ప్లంబరు ఒకడు ముందే ఉంటాడు. ఆ విధంగా వరసగా రెండు అపార్టుమెంట్లు చేయి జారిన ఏడాదే బాబాయి మొదటిసారి ‘ఒరేయ్ అబ్బాయ్, ఆ ఫోనులో మన పేరు కూడా వచ్చేట్టు చెయ్యరాదూ’ అని నన్ను అడిగాడు.

అడగడానికి ముందే ఆయన ఒక పొరపాటు చేసి ఉన్నాడన్న సంగతి నాకు తరువాత తెలిసింది. ఒక ఏజెన్సీ కుర్రవాడు దుకాణానికి వచ్చి, మొదటి స్థానంలో కనిపించేట్టు చేస్తామని చెప్పి ఆరు వేల రూపాయలు తీసుకున్నాడు. వాళ్లు చేసిన పని రెండే రెండు. మొదటిది, ఖాతాను తమ సొంత ఈమెయిలు మీద తెరిచారు, కనుక దానికి ప్రధాన యజమాని మా బాబాయి కాదు, వాళ్లు. రెండవది, బోర్డు మీద ఉన్న రెండు మాటల పేరుకు వెనక ‘బెస్ట్ ప్లంబర్ ఇన్ విజయవాడ, 24 గంటల సర్వీస్, తక్కువ ధర’ అని తోక తగిలించారు. గూగుల్ నిబంధనల ప్రకారం ఖాతాలోని పేరు బోర్డు మీదా, కాగితాల మీదా, జనం నోట్లోనూ ఉన్న అసలు పేరే కావాలి. ఊరి పేరు, పొగడ్త, పని పేరు వంటివి అదనంగా చేరిస్తే ఖాతాను నిలిపివేయవచ్చు. సరిగ్గా అదే జరిగింది. ఏజెన్సీ ఫోను ఎత్తడం మానేసింది. వాళ్ల ఆఫీసుకు వెళ్లి, యజమాని హక్కు మా మెయిలుకు మార్చేదాకా కుర్చీలో నుంచి లేవకుండా కూర్చున్నది నేను.

మొదటి స్థానాన్ని ఎవరూ అమ్మలేరని గూగుల్ తన సహాయ పుటల్లో స్పష్టంగానే రాసింది: స్థానిక ఫలితాల్లో పైకి రావడానికి డబ్బు కట్టే దారి గాని, అర్జీ పెట్టుకునే దారి గాని లేవు. ప్రకటనలు వేరు, అవి ప్రకటనలని తెలిపే ముద్రతోనే కనిపిస్తాయి. ఈ ఒక్క వాక్యం తెలిసి ఉంటే ఆరు వేలు మిగిలేవి. ఎవరి చేత ఈ పని చేయించుకున్నా, ప్రధాన యజమాని హక్కు దుకాణదారుడి మెయిలు మీదే ఉంచుకొని, సాయం చేసేవారికి మేనేజరు హక్కు మాత్రమే ఇవ్వాలి. ఆ ఏర్పాటు ఖాతాలోనే ఉంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసివేయవచ్చు.

పేరు సరిచేసి, నిలిపివేతను ఎత్తివేయమని అప్పీలు పెట్టాము. ఇక్కడ ఒక హెచ్చరిక. అప్పీలు పంపిన తరువాత ఆధారాలు చేర్చే పుట తెరిస్తే అరవై నిమిషాలే గడువు. ఆ గంటలో కాగితాలు వెతుక్కుంటూ కూర్చుంటే సమయం అయిపోతుంది. కరెంటు బిల్లు మాకు దుకాణం అద్దెకిచ్చినాయన పేరు మీద ఉంది, కనుక పనికి రాలేదు. అద్దె కాగితంలో బాబాయి పేరు ఉంది, దుకాణం పేరు లేదు. చివరికి పరువు కాపాడింది నగరపాలక సంస్థ ఇచ్చిన ట్రేడ్ లైసెన్సు; దాని మీద పేరు బోర్డు మీద ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉంది. లైసెన్సు లేని చిన్న ప్లంబర్లు కనీసం చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఉద్యం రిజిస్ట్రేషను అయినా చేయించుకొని ఉంచుకోవడం మంచిది. అది ఉచితం, ఆధారుతో అవుతుంది. కాకపోతే అందులో దుకాణం పేరు రాసేటప్పుడు బోర్డును ఎదురుగా పెట్టుకొని రాయాలి.

ఖాతా తిరిగి వచ్చాక వీడియోతో నిర్ధారించమని అడిగారు. నిర్ధారణ ఫోనుతోనా, మెయిలుతోనా, వీడియోతోనా అన్నది మనం ఎంచుకునేది కాదు, గూగుల్ చూపించిన దారిలోనే వెళ్లాలి. బాబాయి ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకొని, తల దువ్వుకొని, కౌంటరు వెనక పెళ్లి ఫొటోకు నిలబడినట్టు నిలబడ్డాడు. నేను ఆయననూ, ఆయన వెనక ఉన్న పైపులనూ ఒక నిమిషం పాటు తీసి పంపాను. తిరస్కరించారు. తప్పు మాదే, చదవవలసింది చదవలేదు. వాళ్లకు మనిషి ముఖం అక్కర్లేదు. ఆ దుకాణం ఆ వీధిలోనే ఉందనీ, అక్కడ ఆ పనే జరుగుతుందనీ, వీడియో తీసేవారికి దాని మీద అధికారం ఉందనీ మూడూ ఒకే వీడియోలో, మధ్యలో ఆపకుండా, కోతలు లేకుండా, కనీసం ముప్పై సెకన్లు కనిపించాలి. రెండవసారి రోడ్డు మీద నుంచి మొదలుపెట్టాను: పక్కన మందుల షాపు బోర్డు, మా బోర్డు, మూసి ఉన్న షట్టరు, బాబాయి చేయి తాళం తీయడం, షట్టరు పైకి లేవడం, లోపల పైపుకు మర కోసే డై సెట్టు, డ్రిల్లింగు మిషను, గోడకు ట్రేడ్ లైసెన్సు. అంగీకరించారు. తాళం తీయడమే అధికారానికి ఋజువు అన్న సంగతి బాబాయికి ఎంతో నచ్చింది.

ఇక ఖాతాను మెరుగుపరచడం అన్న అసలు విషయానికి వస్తే, ఈ రెండేళ్లలో నాకు అర్థమైనది ఒక్కటే. బాబాయి ఫోనులో రోజూ నోటితో చెప్పే మాటలను, ఆయన చెప్పినట్టే, తగిన గడిలో రాసి పెట్టడమే ఇందులోని పనిలో ముప్పాతిక. మిగతా పావు భాగం మన చేతిలో లేదు.

వ్యాపారం ఏ రకమో చెప్పే ప్రధాన వర్గం ‘ప్లంబర్’ అని ఒకటే ఉండాలి. అదనంగా తొమ్మిది వరకు చేర్చుకోవచ్చు గాని మేము రెండే చేర్చాము: కాలువలు, డ్రైనేజీ పని ఒకటి, ఫిట్టింగులు అమ్మే దుకాణం ఒకటి. ఎలక్ట్రీషియను వర్గం కూడా పెడితే ఫోన్లు పెరుగుతాయని ఒక బంధువు సలహా ఇచ్చాడు. ఫోన్లు పెరుగుతాయి, నిజమే. ఫ్యాను తిరగడం లేదని చేసిన ఫోన్లకు ‘మేము చేయమండీ’ అని చెప్పుకుంటూ కూర్చోవలసి వస్తుంది.

సేవల జాబితా దగ్గర నేను మొదట చేసిన పని చూస్తే ఇప్పుడు నాకే నవ్వు వస్తుంది. ‘నివాస ప్లంబింగు పరిష్కారాలు’, ‘నాణ్యమైన నిర్వహణ సేవలు’ అని రాశాను. అలా ఎవరు వెతుకుతారు? ఇంట్లో నీళ్లు కారుతున్న మనిషి తన తిప్పలను తన మాటల్లోనే కొడతాడు. అందుకని ఒక ఆదివారం బాబాయి పక్కన కూర్చొని, వచ్చిన ఫోన్లన్నింటిలో అవతలివాళ్లు అన్న మొదటి వాక్యాన్ని కాగితం మీద రాశాను. ట్యాంకు నిండినా నీళ్లు ఆగడం లేదు. మోటారు తిరుగుతోంది గాని నీళ్లు ఎక్కడం లేదు. కమోడు కదులుతోంది. ఫ్లష్ ట్యాంకు రాత్రంతా కారుతోంది. కింద ఫ్లాటు వాళ్ల పైకప్పుకు చెమ్మ వస్తోంది. సింకులో నీళ్లు దిగడం లేదు. ఈ వాక్యాలే సేవల పేర్లయ్యాయి. ఒక్కొక్క దాని కింద వివరం కూడా బాబాయి మాటల్లోనే పెట్టాము. ఉదాహరణకు మోటారు తిరిగినా నీళ్లు ఎక్కకపోవడం గురించి ఇలా రాశాము: ‘సాధారణంగా గాలి పట్టడం వల్లనో, ఫుట్ వాల్వు పట్టు వదలడం వల్లనో ఇలా జరుగుతుంది. నీళ్లు రాకుండా మోటారు ఎక్కువసేపు తిప్పితే లోపలి సీలు పాడవుతుంది, కనుక ముందు స్విచ్చి ఆపి ఫోను చేయండి.’ ఇది చదివి స్విచ్చి ఆపి ఫోను చేసినవాళ్లు ఉన్నారు. అలాంటి ఇంటికి వెళ్లేసరికి సగం నమ్మకం ముందే కుదిరి ఉంటుందని బాబాయి అంటాడు.

ధర గడి విషయంలో మా ఇద్దరికీ పేచీ వచ్చింది. చూడకుండా ధర చెప్పడం వైద్యుడు నాడి పట్టకుండా మందు ఇచ్చినట్టేనని ఆయన వాదన. ధర లేని చోట జనం ఫోను చేయడానికి వెనకాడతారని నా వాదన. చివరికి వచ్చి చూసి చెప్పడానికి తీసుకునే మొత్తం మాత్రం రాశాము, పని ఒప్పుకుంటే అది బిల్లులో తగ్గిస్తామని కూడా రాశాము. ‘రేటు ఎంత’ అని అడిగి పెట్టేసే ఫోన్లు దీనితో బాగా తగ్గాయి.

వ్యాపారం గురించిన పరిచయానికి 750 అక్షరాల పరిమితి ఉంది. అందులో పొగడ్తలు నింపేవారే ఎక్కువ. మేము ఇరవై రెండేళ్ల అనుభవం, చేసే పనులు, చేయని పనులు, తెలుగులోనూ హిందీలోనూ మాట్లాడతామన్న మాట రాసి ఆపాము. చేయని పనులు రాయడం నాకు అన్నిటికంటే ఉపయోగకరంగా తోచింది. బోరు లోపలి నుంచి మోటారు పైకి లాగే పని మా దగ్గర లేదని ముందే తెలిస్తే ఇద్దరికీ సమయం మిగులుతుంది.

ఫొటోల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. బాబాయి కంపెనీ క్యాటలాగులో నుంచి తళతళలాడే కుళాయి బొమ్మలు పెట్టమన్నాడు. అవి మన పనికి సాక్ష్యం కావు, పైగా అవే బొమ్మలు పది దుకాణాల ఖాతాల్లో కనిపిస్తాయి. నేను పెట్టిన వాటిలో ఎక్కువమంది ప్రస్తావించినది ఒక గుణదల ఇంటి స్నానాల గది గోడ. ఇంకా టైల్సు వేయలేదు. ఇటుక గోడలో నిలువుగా కొట్టిన గాడి, అందులో లేత పసుపు సీపీవీసీ (వేడి నీటిని తట్టుకునే ప్లాస్టిక్) పైపు, వేడి నీటికి ఒకటి, చన్నీటికి ఒకటి, రెంటినీ చివర కలుపుతూ తాత్కాలికంగా బిగించిన గొట్టం, దానికి పరీక్ష పంపు, ఒత్తిడి చూపే గేజీ మీద నిలిచి ఉన్న ముల్లు. టైల్సు వేయకముందే లైను నింపి, ఒత్తిడి పెట్టి, ముల్లు దిగకుండా నిలబడితేనే గోడ మూయించడం బాబాయి అలవాటు. ఇది ఆయన ఏనాడూ ఎవరికీ గొప్పగా చెప్పుకోలేదు. ‘టైల్సు వేయకముందు లైను పరీక్ష’ అన్న మాట బొమ్మలోనే కనపడేట్టు సుద్దతో గోడ మీద రాసి తీశాను. ఇల్లు కట్టుకుంటున్న ఒకాయన ఫోను చేసి, మిగతా ఏమీ అడగకుండా, ‘ఆ ముల్లు పెట్టి చూపించేది మీరే కదండీ’ అన్నాడు. ఇంటివారి అనుమతి తీసుకోకుండా ఇంటి లోపలి ఫొటోలు పెట్టకూడదని వేరే చెప్పనక్కర్లేదనుకుంటాను, కాని చాలా ఖాతాల్లో దేవుడి గది తలుపులు కూడా కనిపిస్తున్నాయి.

ఇప్పుడు మన చేతిలో లేని భాగం. స్థానిక ఫలితాలను మూడు విషయాలు నిర్ణయిస్తాయని గూగుల్ చెబుతుంది: వెతికిన మాటకు మన వివరాలు ఎంత సరిపోతాయన్నది, వెతికేవారికి మనం ఎంత దూరంలో ఉన్నామన్నది, మన వ్యాపారం ఎంత పేరుపడిందన్నది. ఇందులో దూరాన్ని ఏ ఏజెన్సీ తగ్గించలేదు. పటమటలోనూ, బెంజి సర్కిల్ చుట్టుపక్కలా మా దుకాణం పైన కనిపిస్తుంది. కృష్ణా కాలువలు దాటి భవానీపురం వైపు వెళ్లి వెతికితే ఎక్కడో అడుగున ఉంటుంది. సేవలు అందించే ప్రాంతాలని ఇరవై పేర్ల వరకు చేర్చవచ్చు. మేము మొదట గొల్లపూడి నుంచి పోరంకి దాకా అన్నీ చేర్చాము. అందువల్ల ఆ ఊళ్లలో పైకి వచ్చిన దాఖలా మాకు కనపడలేదు. అది వచ్చేవారికి సమాచారమే తప్ప పటం మీద మన చోటును జరిపే మంత్రం కాదు. ఆలోచిస్తే ఇది న్యాయమే. భవానీపురంలో గొట్టం పగిలిన ఇంటికి పటమట నుంచి ట్రాఫిక్‌లో ఈదుకుంటూ వెళ్లేవాడికంటే అక్కడి ప్లంబరే నయం. దుకాణం లేక ఇంటి నుంచే పని చేసుకునే ప్లంబర్లు చిరునామా దాచి, ప్రాంతాల పేర్లు మాత్రమే చూపించాలన్నది నిబంధన. మాది కొనేవాళ్లు వచ్చే దుకాణం కూడా కనుక చిరునామా, ప్రాంతాలు రెండూ ఉంచుకున్నాము.

పని చేయించుకున్నవారు రాసే అభిప్రాయాల (రివ్యూల) సంగతి వేరే కథ. ఖాతాలోనే ఒక లింకు, ఒక క్యూఆర్ గుర్తు దొరుకుతాయి. దాన్ని అచ్చు వేయించి బాబాయి పనిముట్ల సంచికి ఒకటి, బిల్లు పుస్తకం అట్టకు ఒకటి అంటించాము. పని అయ్యాక అడగడం తప్పు కాదు. డబ్బు గాని, తగ్గింపు గాని ఇచ్చి రాయించుకోవడం తప్పు. సంతోషపడినవాళ్లనే ఏరి అడగడం కూడా గూగుల్ నిబంధనలకు విరుద్ధమే. మన దేశంలో ఇలాంటి ఆన్‌లైన్ అభిప్రాయాల గురించి భారతీయ ప్రమాణాల సంస్థ 2022 నవంబరులో ఐఎస్ 19000 అన్న ప్రమాణాన్ని తెచ్చింది. ఆరంభంలో దాన్ని స్వచ్ఛందంగానే ఉంచారు. ఈ సంగతులేవీ తెలియని మా పిన్ని, ఒక దసరాకు బంధువులందరి ఫోన్లలో అయిదు నక్షత్రాలు నొక్కించబోయింది. హైదరాబాదులో ఉన్న మేనమామ పటమట ప్లంబరును పొగడితే నమ్మేదెవరని అడిగి ఆపాను. పిన్ని నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

మాకు వచ్చిన మొదటి ఒక నక్షత్రం కానూరు నుంచి. కొత్త సీపీవీసీ లైనులో జాయింటు మరుసటి రోజే కారింది. జిగురు అంటించిన తరువాత అది గట్టిపడేందుకు కొన్ని గంటలు లైనులోకి నీళ్లు రాకూడదు. బాబాయి ఆ మాట ఇంటి పెద్దాయనకు చెప్పి వచ్చాడు. రాత్రి ఇంటికి వచ్చిన కొడుకుకు ఆ సంగతి తెలియదు, కుళాయిలో నీళ్లు లేవని వాల్వు తిప్పాడు. బాబాయి చెప్పగా నేను రాసుకున్న మొదటి జవాబు ఇది: ‘చెప్పిన మాట వినకుండా వాల్వు తిప్పింది మీరు, నక్షత్రం తగ్గించింది మాకా?’ ఒక రాత్రి ఆగి, ఇలా పెట్టాము: ‘జాయింటు ఆరకముందే లైనులోకి నీళ్లు వచ్చాయి. ఉదయం దాకా వాల్వు తెరవవద్దని నోటితో చెప్పాము గాని కాగితం మీద రాసి వాల్వుకు కట్టి ఉండవలసింది, కట్టలేదు. మరునాడు వచ్చి ఎల్బో మార్చాము, అందుకు డబ్బు తీసుకోలేదు. ఇకమీదట కాగితం కట్టిన తరువాతే ఇంటి నుంచి బయలుదేరతాము.’ ఆయన తన నక్షత్రాలను మూడుకు పెంచాడు, అయిదు చేయలేదు. అది ఆయన హక్కు. ఆనాటి నుంచి బాబాయి సంచిలో ఎర్ర స్కెచ్ పెన్ను, అట్ట ముక్కలు, పురికొస ఉంటాయి. కొన్ని నెలల తరువాత పోరంకి నుంచి ఫోను చేసిన ఒకావిడ ‘వాల్వుకు అట్ట కట్టే ప్లంబరు గారేనా’ అని అడిగింది.

విదేశాల్లో ఉన్న పిల్లలు ఈ ఖాతాను ఎలా వాడుకుంటారో నేను ముందు ఊహించలేదు. మొగల్రాజపురంలో ఒంటరిగా ఉన్న తల్లికి నల్లా పాడైతే, డల్లాస్‌లో ఉన్న కొడుకు అక్కడి నుంచే ఆ పేట పేరు కొట్టి వెతుకుతాడు. అలాంటివాళ్లు అభిప్రాయాలన్నీ ఓపికగా చదువుతారు, మన జవాబులు కూడా చదువుతారు, ఆ తరువాత వాట్సాప్‌లో పలకరిస్తారు. ఖాతాలో వాట్సాప్ లింకు చేర్చుకునే వీలు ఉంది, దాన్ని పెట్టుకోవడం మాకు మేలు చేసింది. పెద్దవాళ్లు మాత్రమే ఉన్న ఇంటికి వెళ్లే మనిషి ఎవరో ముందుగా తెలియాలని వాళ్లు కోరుకుంటారు. అందుకని బాబాయి, ఇద్దరు కుర్రాళ్లు దుకాణం ముందు నిలబడిన ఫొటో ఒకటి చేర్చాము. ఇస్త్రీ చొక్కా వృథా పోలేదు.

గణాంకాల పుటలో ఎంతమంది ఫోను గుర్తు నొక్కారు, దారి అడిగారు, ఏ మాటలతో వెతికి మన దాకా వచ్చారు అన్నవి చూపిస్తారు. ఫోను అంకెను ఉన్నదున్నట్టు నమ్మకూడదు: గుర్తు నొక్కినవారి లెక్కే అది, మాట్లాడినవారి లెక్క కాదు, నంబరు చూసి వేరే ఫోనులో కొట్టినవారు అందులో ఉండరు. అందుకే కౌంటరు మీద ఒక బడి నోటుపుస్తకం పెట్టి, ఫోను చేసినవారి పేట, పని, ‘మా నంబరు ఎక్కడ దొరికింది’ అన్న ప్రశ్నకు జవాబు రాస్తున్నాము. నాకు నిజంగా ఉపయోగపడింది వెతికిన మాటల జాబితా. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు ఇళ్లు మునిగినప్పుడు బాబాయి రోజుల తరబడి సంపుల్లో నుంచి బురద తోడించి, కడిగించి, పైపులు శుభ్రం చేయించాడు. ఆ నెల జాబితా చూస్తే ‘సంపు క్లీనింగ్’ అన్న మాట అందులో కనిపించింది. మా సేవల్లో ఆ పేరే లేదు. ఆ రోజే చేర్చాను. దుకాణదారుడు తాను రోజూ చేసే పనిని పనిగా లెక్కపెట్టుకోకపోవడం ఎంత మామూలో అప్పుడు తెలిసింది.

లోపాలూ చెప్పాలి. ఈ సేవతో పాటు ఉచితంగా ఇచ్చిన చిన్న వెబ్‌సైట్లను 2024 మార్చిలో ఆపేశారు. కస్టమర్లతో ఖాతాలోనే మాట్లాడే చాట్‌ను, వచ్చిన కాల్స్ చరిత్రను అదే ఏడాది జులై 31తో తీసేశారు. ఆ వెబ్‌సైటు చిరునామానే విజిటింగ్ కార్డుల మీద అచ్చు వేయించుకున్నవారి కార్డులు చెత్తబుట్ట పాలయ్యాయి. ఉచిత వసతి మీద వ్యాపారం మొత్తం ఆన్చకూడదు, అందుకు మా జాగ్రత్త ఆ నోటుపుస్తకమే. మన వివరాలకు బయటివారు ఎవరైనా సవరణలు సూచించవచ్చు, అవి ఒక్కోసారి మారిపోయి ఉంటాయి కూడా. నెలకు రెండుసార్లయినా వేళలు, నంబరు చూసుకోవాలి. నచ్చని అభిప్రాయాన్ని తీయించడం కుదరదు, నిబంధన మీరిన దాన్ని మాత్రమే ఫిర్యాదు చేయవచ్చు. ఆఖరుది, తెలుగులో తెర ఎంచుకుంటే కొన్ని వర్గాల పేర్ల అనువాదం ఎంత వింతగా ఉంటుందంటే, సరైనది ఎంచుకోవడానికి ఇంగ్లీషుకు మార్చుకోవలసి వస్తుంది.

పోలిక కావాలంటే, 1996 నుంచి దుకాణాల నంబర్లు అందిస్తున్న జస్ట్‌డయల్‌లో ఉచిత నమోదుతో పాటు డబ్బు కట్టి ముందు కనపడే పద్ధతి ఉంది. 2014లో అర్బన్‌క్లాప్‌గా మొదలై 2020లో పేరు మార్చుకున్న, ఇంటి పనులకు మనుషులను పంపే అర్బన్ కంపెనీలో పని ఆ కంపెనీ పేరు మీద జరుగుతుంది, ధర దాని తెర మీద ఉంటుంది. సొంత బోర్డు ఉన్న చిన్న దుకాణానికి నేను ముందు సిఫారసు చేసేది గూగుల్ ఖాతానే, ఎందుకంటే అక్కడ పోగయ్యే పేరు ఆ దుకాణానిదే. ఏ ఖాతాలో ఉన్నా నంబరు మాత్రం ఒక్కటే ఉండాలి. బోర్డు మీద ఒకటి, కార్డు మీద ఒకటి, పాత నమోదులో ఇంకొకటి ఉన్న మా మూడు నంబర్లను ఒకటి చేయడానికి నాకు వారం పట్టింది. ఆ మూడవ సిమ్ము ఇంట్లో ఏ డబ్బాలో ఉందో ఇప్పటికీ దొరకలేదు.

అయిదుకు నాలుగు నక్షత్రాలు ఇస్తాను. తగ్గించిన ఒకటి, ఒక్కొక్కటిగా మాయమయ్యే వసతులకు, ఆ తెలుగు తెరకు. వచ్చే మార్పు గురించి బాబాయితో వాదన ఇంకా నడుస్తోంది: వేళల్లో ఇరవై నాలుగు గంటలు పెట్టమంటాడు, రాత్రి రెండింటికి ఫోను ఎవరు ఎత్తుతారని అడిగితే జవాబు చెప్పడు. ప్రస్తుతానికి ఉదయం ఏడు నుంచి రాత్రి తొమ్మిది దాకా ఉంచాను. సంక్రాంతికి ప్రత్యేక వేళల్లో భోగి, పండగ రెండు రోజులూ మూసినట్టు పెట్టాను. కనుమ నాడు తెరిచినట్టు ఉంచమని, ఫోను తాను ఎత్తుతానని పిన్ని అన్నది.